నచ్చని మనిషికి రచయిత ఎంత చోటిచ్చాడు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చాలాకాలం తర్వాత తెలుగు పుస్తకాల మీదికి మనసు పోయి, అందరూ 'తప్పక చదవాలి' అన్నవే తెచ్చుకున్నారు. 'వేయిపడగలు' నూరో పేజీ దగ్గర ఆగిపోయింది. 'చివరకు మిగిలేది' పూర్తి చేశారు కానీ విసుగు తప్ప ఏమీ దక్కలేదు. 'అమరావతి కథలు' ఒకే రోజు ఇరవై చదివేసరికి ముఖం మొత్తింది. లోపం మీలో ఉందా, పుస్తకాల్లో ఉందా అని అడుగుతూ, ఈమధ్య నేను చదివినవాటి మీద మొహమాటం లేని అభిప్రాయం, ఏది ఏ వరసలో చదవాలో చెప్పమన్నారు.

నేను ఒక జిల్లా గ్రంథాలయంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో ఒక సౌకర్యం ఉంది. ఏ పుస్తకాన్ని ఏ సభలో ఎవరు ఎంత పొగిడారన్నది అలా ఉంచి, ఏ పుస్తకం ఏ పేజీ దాకా నలిగిందో కళ్లారా చూడవచ్చు. మా 'వేయిపడగలు' ప్రతిలో మొదటి నూరు పేజీల అంచులు వేళ్ల మరకలతో నల్లబడి ఉండేవి. ఆ తర్వాతి పేజీలు అచ్చాఫీసు నుంచి నిన్ననే వచ్చినట్టుండేవి. కాబట్టి మీ ముందు చాలామంది అక్కడే ఆగారు, నిశ్చింతగా ఉండండి.

ఈ ఏడాది చదివినవాటిలో సగం పాతవే, మళ్లీ చదివినవి. శిల్పం, దృక్పథం, సామాజిక ప్రయోజనం అంటూ ఒకప్పుడు చాలా కొలతలు పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటే చూస్తున్నాను. రచయిత తనకు నచ్చని మనిషికి ఎంత చోటిచ్చాడు? నచ్చినవాడి గురించి బాగా రాయడం పెద్ద విషయం కాదు. తాను కాదనుకున్నవాడి నోట కూడా పాఠకుడు కాసేపు తలూపేంత బలమైన మాట పలికించగలిగితే అది నాకు పుస్తకం. లేకపోతే ఎంత పేరున్నా ఉపన్యాసమే.

ఈ లెక్కన 'వేయిపడగలు'తో నా పేచీ దాని నిడివి గురించి కాదు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకున్న విశ్వనాథ సత్యనారాయణ నవల ఇది. పి.వి. నరసింహారావు దీన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. అందులో గొప్ప పేజీలున్నాయి, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. పచ్చని చేలతో, పాములతో కలిసిపోయిన పసిరిక, వేణుగోపాలస్వామి సన్నిధికే పుట్టినట్టుండే గిరిక కనిపించినప్పుడల్లా విశ్వనాథ కలం వేరే లోకంలో తిరుగుతుంది. చిక్కంతా కథానాయకుడు ధర్మారావుతో. వాదన మొదలైతే ధర్మారావు ఓడిపోడు. అవతలివాడు నోరు విప్పేదే ధర్మారావు తర్వాతి మాట అందుకోవడానికి. సంప్రదాయం కూలిపోతోందని అంత బాధపడ్డ రచయిత, కూలుస్తున్నవాడికి ఒక్క పూటైనా సరైన వకీలును పెట్టి ఉంటే ఆ బాధ మనకు ఇంకా తగిలేది. మళ్లీ చదవాలనుకుంటే పసిరిక వచ్చే చోట్లు వెతుక్కుని చదవండి. మొదటి నుంచి చివరిదాకా చదివి తీరాలని ఏ చట్టమూ లేదు.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' విషయంలో మీ విసుగు నాకు అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల వయసులో ఆ నవల కథానాయకుడు దయానిధి మనసులో మనల్ని కూర్చోబెడుతుంది. తల్లి మీద పడిన నింద నీడలా వెంటాడడం, ఎవరినీ పూర్తిగా ప్రేమించలేకపోవడం, ఏకాంతం ఇవన్నీ మన సొంత బాధల్లాగే ఉంటాయి. యాభై దాటాక చదివితే కోమలి, అమృతం, సుశీల, ఇందిర, నాగమణి అనే స్త్రీలంతా దయానిధి ఆలోచనకు ఊతంగా మాత్రమే నిలబడి కనిపించారు. అమృతం తన గది తలుపు మూసుకున్నాక ఏమనుకుంటుందో నాకు తెలుసుకోవాలని ఉంది. బుచ్చిబాబుకు ఆ కుతూహలం ఉన్నట్టు కనిపించదు. వచనం మాత్రం ఇప్పటికీ అందమే. రాయలసీమ ఎండలో వజ్రాల వేట దగ్గరికి వచ్చేసరికి నవలకు మళ్లీ ఊపిరి వస్తుంది.

మీరు తెచ్చుకోవలసిన పుస్తకం వేరే ఉంది. అది డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. 1957-58లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో ధారావాహికగా వచ్చింది. రచయిత్రి 1961లో, చిన్న వయసులోనే చనిపోయారు. రాసిన నవల ఇదొక్కటే. ఈ ఏడాది చదివినవాటిలో నన్ను బాగా కుదిపింది ఏదంటే ఆలోచించకుండా దీని పేరే చెబుతాను.

కథ విశాఖపట్నంలో ఒక అద్దె ఇంటి చుట్టూ నడుస్తుంది. బాధ్యత తెలియని తండ్రిని పోషిస్తూ ఉద్యోగం చేసే ఇందిర, ఆమెతో కలిసి ఉండడానికి వచ్చిన విద్యార్థిని కల్యాణి, మేడమీద అద్దెకున్న వైద్య విద్యార్థి ప్రకాశం, అతని స్నేహితుడు కృష్ణమూర్తి. ఆ కాలపు నవలల అలవాటు ప్రకారం కల్యాణి కథానాయిక కావాలి, ఇందిర ఆమె దారికి అడ్డొచ్చే మనిషి కావాలి. కల్యాణికి చదువు, సంస్కారం, ఆత్మాభిమానం అన్నీ ఉన్నాయి. ఇందిర మొహమాటం ఎరగదు. తనకు కావలసింది చెయ్యి చాచి తీసుకుంటుంది, అవసరమైతే ఇంకొకరి చేతిలోంచి లాక్కుంటుంది. రచయిత్రి మెచ్చుకోలు చాలాచోట్ల కల్యాణి వైపే ఉందని మనకు తెలుస్తూనే ఉంటుంది. అయినా పుస్తకం ఇందిరదే అయిపోయింది. అలా అయిపోతుంటే శ్రీదేవి అడ్డు పడలేదు. నాకు ఆమె మీద గౌరవం అక్కడే మొదలైంది.

ప్రకాశం పాత్ర చూడండి. మంచివాడే. మంచివాడిగా ఉండడానికి కావలసిన తెగింపు మాత్రం అతనిలో లేదు. పెద్దవాళ్లు వచ్చి చెయ్యి పట్టుకుంటే వాళ్ల వెంట నడిచిపోయే రకం. అతణ్ణి నిలదీసేటప్పుడు ఇందిర ఏడవదు, శాపనార్థాలు పెట్టదు. అతని బలహీనతను లెక్కపత్రంలా చదివి వినిపిస్తుంది. ఆమె బతుకు ఎంచుకున్న తీరు మనకు నచ్చనవసరం లేదు. కానీ ఆ ఇంటికి బియ్యం ఎవరు తెస్తున్నారు, అద్దె ఎవరు కడుతున్నారు, రేపటి గురించి ఎవరికి బెంగ ఉంది అన్న ప్రశ్నలు ఆమె అడిగిన తర్వాత కల్యాణి మర్యాద కూడా కొంచెం ఖరీదైన వస్తువులా కనిపిస్తుంది. 1950లలో ఒక స్త్రీ పాత్రకు శిక్ష వేయకుండా, పశ్చాత్తాపం అంటగట్టకుండా వదిలేయడం చిన్న ధైర్యం కాదు. 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా ఈ నవల ఆధారంగానే వచ్చింది. సరదా సినిమా, చూడండి, కానీ ఈ పదునును అందులో వెతక్కండి.

లోపం లేదా అంటే ఉంది. చివరి మూడోవంతులో పెళ్లిళ్లు కుదర్చడానికి రచయిత్రి కాస్త తొందరపడ్డారు. కల్యాణికి దొరికిన డాక్టరు చక్రవర్తి మరీ సమయానికి వచ్చే మనిషి. ధారావాహికల్లో ఈ తొందర మామూలే, తర్వాతి వారం సంచిక ఎవరి కోసమూ ఆగదు.

నవలకు ఓపిక లేని రోజున కాళీపట్నం రామారావు 'యజ్ఞం' చదవండి. 1960లలో 'యువ' పత్రికలో వచ్చిన పెద్ద కథ. దీన్ని పాఠ్యపుస్తకాల మర్యాదతో చదివినవారికి చివరి ఘట్టమొక్కటే గుర్తుంటుంది. అప్పు తన కొడుకు మెడకు కూడా చుట్టుకోబోతోందని, అప్పుపడ్డ అప్పల్రాముడి కొడుకు సీతారాముడు ఆ పసివాణ్ణి ఏం చేశాడో విని అందరూ గుండెలు బాదుకుంటారు. ఈసారి నేను ఆ చివరను పక్కన పెట్టి పంచాయతీ నడిచిన తీరు మాత్రమే చూశాను. తీర్పు చెప్పే పెద్దమనిషి శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాదు. ఊరి బాగు కోరేవాడు, మాట మీద నిలబడేవాడు, తీర్పులో పక్షపాతం రాకూడదని జాగ్రత్తపడేవాడు. తీసుకున్న అప్పు తీర్చాలి అన్న అతని మాటలో తప్పు పట్టడానికి ఎక్కడా సందు దొరకదు. ఆ న్యాయమే అప్పల్రాముడి కుటుంబాన్ని నలిపేస్తుంది. అదే స్థానంలో మీసాలు మెలేసే భూస్వామిని పెట్టి ఉంటే కథ ఎప్పుడో పాతబడి ఉండేది. మంచి మనిషిని పెట్టి, అతని మంచితనంతోనే ఆ పని చేయించడం వల్ల విమర్శకులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. అప్పల్రాముడు తన బతుకు ఎలా చితికిందో చెప్పుకొనే సుదీర్ఘమైన భాగం చాలామందికి విసుగు. నాకు మాత్రం అదే ఈ కథకు వెన్నెముక. రోడ్లూ బడులూ వచ్చి ఊరు బాగుపడిందని అందరూ అంటుంటే, నా ఇంట్లో గింజలు ఎందుకు తగ్గాయని ఒక మాల రైతు అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు పంచాయతీ దగ్గర సమాధానం లేదు. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను, మొదటి పది పేజీలు నెమ్మదిగా నడుస్తాయి. ఊరి భూగోళం, కులాల అమరిక, ఎవరి అరుగు ఎటువైపు అన్నది ఆయన తీరిగ్గా చెబుతారు. దాటేయకండి, తీర్పు రోజున అవన్నీ అక్కరకొస్తాయి.

ఇటీవలి నవలల్లో పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' నాకు చాలా నచ్చింది. ఇమాం ఎలుగుబంటిని ఆడించి బతికేవాడు. దాని పేరు షాదుల్. ఇంట్లో భార్య బీబమ్మ, కొడుకు చాంద్. ఎలుగుబంటిని పెంచడం చట్టవిరుద్ధం, వదిలించుకుంటే బతుకుదెరువుకు రెండెకరాల భూమి వస్తుందన్న ఆశ ఇంట్లో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి ఆ ఇల్లు రెండుగా చీలిపోతుంది. చాంద్ దృష్టిలో అది జంతువు, తమకూ భూమికీ మధ్య నిలబడిన అడ్డంకి. ఇమాంకు అది ఇంట్లో మనిషి.

ఈ కథను కన్నీళ్ల కోసం రాయడం చాలా తేలిక. తండ్రి మంచివాడు, కొడుకు కర్కశుడు, ఎలుగుబంటి నోరులేని జీవి అని మూడు ముక్కల్లో తేలిపోయేది. కానీ చాంద్ ఆశకు రచయిత పూర్తి బలం ఇచ్చాడు. తరతరాలుగా ఊరూరా తిరిగి చేతులు చాచిన కుటుంబంలో పుట్టిన కుర్రవాడు, ఒక చోట స్థిరపడాలని, పట్టా మీద తన పేరు చూసుకోవాలని కోరుకుంటే దాన్ని దురాశ అనగలమా? నేను అనలేకపోయాను. చదువుతున్నంతసేపూ ఒక పేజీలో ఇమాం వైపు, తర్వాతి పేజీలో చాంద్ వైపు ఉన్నాను. పైగా ఎలుగుబంటిని ఎలా పట్టుకుంటారో, ఎలా మచ్చిక చేస్తారో, దాని ఆట వెనుక ఎంత హింస ఉందో రచయిత దాచలేదు. ఇమాం ప్రేమలో కూడా ముకుతాడు ఉంది. ప్రేమకథ అని చెప్పి మీకు ఎవరైనా ఇస్తే ఆ ముకుతాడును మరిచిపోకండి. నిడివి కూడా తక్కువ, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది.

అడవి, జంతువు అన్న దారిలో ఇంకో రెండు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో పేరు కూడా లేని ముసలివాడు సాయంత్రం ఇంటికి రాని పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళతాడు. ఒక రాత్రి కథ. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన ఈ డాక్టరు చిత్తూరు జిల్లా మట్టినీ మెట్టనూ ఎంత దగ్గరగా చూశాడో ప్రతి పేరాలో తెలుస్తుంది. హెమింగ్వే ముసలివాడితో పోల్చడం ఒక ఆనవాయితీ అయింది. పోలిక ఉంది, అయినా ఆ ధ్యాసతో చదవకండి, ఈ ముసలివాడి ఆకలి వేరు, కులం వేరు. ఇక్కడ నా గీటురాయి నక్కల దగ్గరే పనిచేస్తుంది. నక్కలు కూడా తమ కడుపు కోసమే వచ్చాయని రచయిత ఎక్కడా మరవలేదు. అక్కడక్కడ గ్రాంథికపు బిగువు, తత్త్వం పలికించాలన్న ఆరాటం కాస్త అడ్డొస్తాయి.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందింది. తర్వాత సినిమా కూడా అయింది. కరువుకాలంలో గొర్రెల మందలను తోలుకొని నల్లమలలోకి వెళ్లే కడప జిల్లా కాపరుల బతుకు ఇందులో ఉంది. నీళ్లెక్కడ దొరుకుతాయి, రాత్రి మందను ఎలా కాపాడాలి, పులి వాసన తగిలితే గొర్రెలు ఎలా బిగుసుకుపోతాయి అన్నవి చదువుతుంటే ఊపిరి బిగపట్టాను. చదువుకుని ఉద్యోగం రాక కుంగిపోయిన కుర్రవాడు ఆ అడవిలో ఆత్మవిశ్వాసం నేర్చుకోవడం అన్న పై పొర మాత్రం నాకు ఎక్కలేదు. అడవి తనంతట తాను చాలా చెబుతోంది. దాన్ని వ్యక్తిత్వ వికాస తరగతి చేయనక్కర్లేదు. అయినా కాపరుల మాటల కోసం, ముసలి కాపరులు పులి గురించి చెప్పుకొనే కబుర్ల కోసం కొనదగిన పుస్తకం.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' గురించి నిజం చెబితే మెచ్చుకునేవాళ్లకూ, కాదనేవాళ్లకూ కోపం వస్తుంది. మొదటి సగం తెలుగులో వచ్చిన గొప్ప వచనంలో ఒకటి. ఎన్నెలదిన్నెలో ఎల్లన్న పాటా ఆటా, సుభద్రతో అతని బతుకు, తరతరాల జ్ఞాపకాలను రూతు తవ్వి తీస్తున్న తీరు చదువుతుంటే, పాఠ్యపుస్తకాలు చెప్పని సాహిత్య చరిత్ర కళ్ల ముందు నిలుస్తుంది. కరువులో కాలువ పనికి పోయిన శివయ్యను సాటి కూలీలే దగ్గరికి రానివ్వని ఘట్టం చదివి పుస్తకం మూసి కాసేపు నడిచాను. ఆకలి అందరినీ ఒకటి చేస్తుందనే సుఖమైన అబద్ధం అక్కడ పటాపంచలవుతుంది. రెండో సగంలో ఉద్యమం వచ్చేసరికి మనుషులు పలచబడి మాటలు చిక్కబడ్డాయి. తరాలు త్వరత్వరగా దొర్లిపోయాయి. ఎల్లన్నకు దక్కిన తీరిక మనవలకు దక్కలేదు. అయినా చదవకుండా ఉండవద్దు.

ఓల్గా 'విముక్త' చిన్న పుస్తకం, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సీత అడవిలో శూర్పణఖను కలుసుకోవడం అన్న ఊహే చాలు. ముక్కుచెవులు పోయిన శూర్పణఖ తోట పెంచుకుంటూ బతకడం నాకు చాలా నచ్చింది. తర్వాత అహల్య, రేణుక, ఊర్మిళ వరసగా వచ్చి ఇంచుమించు ఒకే గొంతుతో, ముందే నేర్చేసుకున్న పాఠం సీతకు అప్పజెబుతుంటే నా ఆసక్తి కొంచెం సడలింది. చివరి కథ 'బంధితుడు'లో రాముడి వైపు తిరిగినప్పుడు మళ్లీ లేచి కూర్చున్నాను. రచయిత్రి వాదన ఎవరికి ఎదురుగా నడుస్తోందో ఆ మనిషికే చివరి చోటు ఇచ్చింది. మిగతా కథల్లోనూ ఆ ఔదార్యం ఉంటే ఎంత బాగుండేది.

ఇక 'అమరావతి కథలు'. సత్యం శంకరమంచి వీటిని ఆంధ్రజ్యోతి వారపత్రికకు రాశారు, మొత్తం నూరు, బాపు బొమ్మలతో. వారానికొకటి చొప్పున జనం చదివిన కథలు అవి. ఒక్క రోజులో ఇరవై తింటే పూతరేకులైనా మొత్తుతాయి, ఇందులో శంకరమంచిని ఏమనగలం? అయితే చివరి వాక్యంలో తీయగా నిట్టూర్చే అలవాటు ఆయనకు ఎక్కువేనన్నది నిజం. నిట్టూర్పు లేని కథల్ని ఏరుకోండి. మొదటి కథ 'వరద'తో మొదలుపెట్టండి. నీళ్లు ముంచెత్తినప్పుడు కొట్టుకుపోయిన మడీ ఆచారమూ, నీళ్లు తీశాక మళ్లీ ఎలా మొలిచిందో చూస్తే ఆయన అంత మెత్తనివాడేమీ కాడని తెలుస్తుంది.

మనసు బరువెక్కితే వ్యంగ్య రచయిత పతంజలి ఉన్నాడు. 'వీరబొబ్బిలి'లో రాజుగారి దివాణంలోని కుక్కకు కూడా వంశప్రతిష్ఠ ఉంటుంది. 'గోపాత్రుడు'లో భూమి బల్లపరుపుగా ఉందా, గుండ్రంగా ఉందా అని ఊరు కొట్టుకుంటుంది. ఆయన వెక్కిరించే రాజులను చదివి నవ్వుతూ నవ్వుతూనే వాళ్లను ప్రేమిస్తాం. నా కొలతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. బస్సులో మాత్రం చదవకండి, పక్కసీటువాళ్లు అనుమానంగా చూస్తారు.

వరస అడిగారు కాబట్టి చెబుతున్నాను: ముందు 'యజ్ఞం', తర్వాత 'జిగిరి', ఆ తర్వాత 'కాలాతీత వ్యక్తులు'. ఈ మూడూ నచ్చకపోతే నా అభిరుచీ మీ అభిరుచీ వేరని తేల్చుకుని నా మాట వినడం మానేయండి, నేనేమీ అనుకోను. ఒక్కో రచయితను కాకుండా ఇటీవలి కథలను గుత్తగా రుచి చూడాలంటే, కథాసాహితి వారు 1990 నుంచి ఏటా వేస్తూ వచ్చిన 'కథ' సంకలనాల్లో ఏదో ఒక ఏడాదిది పట్టుకోండి. పదిహేను కథల్లో మీకు నచ్చేవి నాలుగున్నా ఆ నలుగురి పుస్తకాలు వెతుక్కోవచ్చు.

కొనే ముందు ఇంకో మాట. మన పుస్తకాలకు ముందుమాటలు ఎక్కువ. ఒక్కోసారి ముగ్గురు పెద్దలు వరసగా రాస్తారు, ముగ్గురూ ముగింపు బయటపెట్టేస్తారు. వాటిని చివరికి వదిలేసి నేరుగా మొదటి అధ్యాయం తెరవండి.